రెండు వందల వస్తువుల్లో ఒక ఇల్లు

(ఆన్‌లైన్ ఆటల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాతలో పెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు "ఆటల గురించి మాట్లాడండి" అన్నారు. ఒప్పుకున్నాక వాళ్లకు ఒక నిజం చెప్పాల్సి వచ్చింది. నేను ఆడేది తక్కువ. రాత్రి రెండు గంటలు ఆన్‌లైన్‌లో ఉంటే అందులో గంటన్నర ఒక కుర్చీని ఇటూ అటూ జరపడానికే పోతుంది. మా గిల్డ్ వాళ్లు, అంటే ఆటలో కలిసి తిరిగే మా జట్టు, డ్రాగన్ మీదికి వెళ్తూ పిలుస్తారు. "వస్తున్నా, ఈ కర్టెన్ ఒక్కటి సరిచేసి వస్తా" అంటాను. వాళ్లు డ్రాగన్‌ని చంపి, లూట్ పంచుకుని తిరిగొచ్చేసరికి నేను అదే కర్టెన్ దగ్గర నిలబడి ఉంటాను. అలాంటి మనిషి మాట్లాడొచ్చా అని అడిగితే, దాని గురించే మాట్లాడమన్నారు.

మీలో ఈ ఆటలు ఆడనివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఒక్క ముక్క. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే వేలమంది ఒకే లోకంలో ఒకేసారి తిరిగే ఆట. ఒక్కొక్కరికీ ఒక క్యారెక్టర్. రాక్షసుల్ని కొడతారు, ఒప్పజెప్పిన పనులు చేస్తారు, బంగారం కూడబెడతారు, కత్తి మారుస్తారు, కవచం మారుస్తారు. నిన్నటికంటే ఇవాళ కొంచెం బలం పెరగాలి, ఆట నడక అంతా అదే. ఇంటికి ఆ లెక్కలో చోటు లేదు. చాలా ఆటల్లో ఇల్లు మీ దెబ్బకు ఒక్క పాయింటు కూడా కలపదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ లెక్క తిరగబడింది. నెలల తరబడి రచ్చ గెలిస్తే గానీ ఇంటికి సరిపడా బంగారం చేతికి రాదు. తీరా ఇల్లు కొన్నాక దానివల్ల లాభం ఏమిటి అంటే, ఏమీ లేదు.

లాభం లేకపోవడమే మంచిదయింది అంటాను నేను. 2002లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 11లో ప్రతి క్యారెక్టర్‌కీ ఒక గది ఇచ్చారు. అక్కడ ఫర్నిచర్‌కి నిప్పు, నీరు, గాలి ఇలా ఏదో ఒక తత్వం ఉంటుంది. గదిలో ఏ తత్వం ఎక్కువైతే దానికి తగ్గ చిన్న ఫలితం క్యారెక్టర్‌కి దక్కుతుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ ఫలితం ఉందని తెలిశాక మంచం అందంగా ఉందా అని ఎవరు చూస్తారు? దాని తత్వం ఏమిటని చూస్తారు. కావలసిన తత్వం ఉన్నవన్నీ తెచ్చి కుప్ప పోస్తారు. గది కాస్తా గిడ్డంగి అవుతుంది.

రిచర్డ్ బార్టిల్ అని ఒకాయన ఉన్నాడు. 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే ఆటను ఆయనతో కలిసి తయారుచేసిన మనిషి. అందులో బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఈ బార్టిల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలు చేసి వాళ్లకు పేకముక్కల పేర్లు పెట్టాడు. పాయింట్లు, నిధులు కావాలనేవాళ్లు డైమండ్లు. లోకాన్ని తవ్వి చూసేవాళ్లు ఇస్పేట్లు. నలుగురితో కబుర్ల కోసం వచ్చేవాళ్లు ఆఠీన్లు. ఇంకొకరి నెత్తి పగలగొట్టడానికి వచ్చేవాళ్లు కళావర్లు. ఇప్పటికీ ఆటలు తయారుచేసేవాళ్లు ఈ నాలుగు ముక్కల గురించి మాట్లాడుకుంటారు. మరి నేను ఏ ముక్క? పాయింట్లు అక్కర్లేదు, ఊళ్లు తిరగను, కొట్లాట చేతకాదు, కబుర్లకు టైమ్ లేదు, కర్టెన్ ఉంది కదా. చాలా రోజులు ఆలోచించి నేను జోకర్ అని తేల్చుకున్నాను. ఏ సీక్వెన్సులో పెట్టినా ఇరుక్కుంటాను.

ఇళ్ల చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1986లో లూకాస్‌ఫిల్మ్ వాళ్లు హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకాన్ని పరీక్షకు పెట్టారు. కమోడోర్ 64 కంప్యూటర్, ఫోన్ లైను మీద మోడెమ్, అంతే సరంజామా. అంత చిన్న యంత్రం మీద కూడా ప్రతి అవతారానికీ సొంత చోటు ఒకటి ఇచ్చారు. దాన్ని టర్ఫ్ అనేవాళ్లు. మనిషికి లోకం ఇస్తే అందులో "నాది" అనే మూల ఒకటి వెతుక్కుంటాడని వాళ్లకు అప్పుడే తెలుసు.

నాకు అసలు గురువు మాత్రం 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్. అక్కడ ఇల్లు తలుపు వెనక దాచిన వేరే లోకంలో ఉండదు. అందరూ తిరిగే నేల మీదే కట్టాలి. అందువల్ల నేల నిండిపోయింది, స్థలం కోసం జనం అడవులన్నీ వెతికారు. తొలి రోజుల్లో ఇంటి తాళంచెవి కూడా ఒక వస్తువే. మీ క్యారెక్టర్ చస్తే శవం మీంచి తాళంచెవి తీసుకుని ఇంకొకడు మీ ఇంట్లో దూరొచ్చు. చాలాకాలం పట్టించుకోని ఇల్లు శిథిలమై కూలిపోయేది. కూలబోయే ఇల్లు ఎక్కడుందో కనిపెట్టి, లోపలి సామాన్ల కోసం చుట్టూ కాపు కాసేవాళ్లు. రాబందుల్లాగే. ఇవన్నీ ఒక ఎత్తు.

ఆ ఇళ్లలో పియానోలు ఇంకో ఎత్తు. చెప్తాను వినండి. తొలి రోజుల్లో ఆ ఆటలో పియానో అనే వస్తువు లేదు. కానీ ఇళ్లలో పియానోలు కనిపించేవి. ఎలా? ఆట తెర ఏటవాలుగా, పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. వస్తువులన్నీ చదునైన బొమ్మలు. ఒకదాని మీద ఒకటి పెడితే రెండోది కొంచెం పైకి జరిగి కనిపిస్తుంది. ఎవరో తెలివైనవాళ్లు చెక్కపెట్టెలు పేర్చి ఒళ్లు తయారుచేశారు. మడతపెట్టిన చొక్కాలకు ముదురు రంగు వేసి మీద పరిస్తే నున్నటి మూత వచ్చింది. ఆటబల్ల అంచు కొంచెం బయటికి కనబడేలా దూర్చితే నలుపు తెలుపు మెట్లు వచ్చాయి. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఒక్క పెట్టె ముందూ వెనకా అయితే మొత్తం కుప్పగా కనబడుతుంది, వరస కుదిరితే పియానో. పెట్టడమంటే నేల మీద పడేయడమే, పడేసిన వరసను బట్టే బొమ్మ. తప్పితే మొత్తం తీసి మళ్లీ మొదలు.

ఆ చొక్కా దగ్గరే నా పాఠం మొదలైంది. దాన్ని చొక్కాగా చూసినంతసేపూ దానితో చేసేదేమీ లేదు. పేరు మర్చిపోయి చూస్తే అది ఇంత పొడవు, ఇంత వెడల్పు ఉన్న నల్లటి పలక. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. ఆటలో ఇల్లు సర్దడమంటే వస్తువుల పేర్లు మర్చిపోవడం. మిగతాదంతా దీనికి వివరణ అనుకోండి.

అన్ని ఆటలూ ఈ స్వేచ్ఛ ఇవ్వవు. 2007లో ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్‌లో ఇళ్లు పెట్టినప్పుడు గోడకి ఇక్కడొక కొక్కెం, నేల మీద అక్కడొక కొక్కెం అని ముందే గుర్తులు వేసి ఇచ్చారు. ఆ చోట్లలోనే పెట్టాల్సి వచ్చేది. రూన్‌స్కేప్‌లో 2006 మే 31న ఇల్లు కట్టడాన్ని ఒక నైపుణ్యంగా తెచ్చారు, అక్కడా చోట్లు ముందే ఖాయం. దానిలో ఒక తమాషా ఉంది. నైపుణ్యం పెరగాలంటే కడుతూనే ఉండాలి. కాబట్టి జనం ఎనిమిది ఓక్ చెక్కలు పెట్టి వంటింటి అలమరా కడతారు, వెంటనే పీకేస్తారు, మళ్లీ కడతారు, మళ్లీ పీకేస్తారు. పనివాడు చెక్కలు మోసుకొస్తూనే ఉంటాడు. వందల అలమరాలు కట్టిన ఇంట్లో చివరికి ఒక్క అలమరా కూడా ఉండదు. నేనైతే ఆ పనివాడి వైపే ఉంటాను.

రెండో వైపున 2003 నాటి స్టార్ వార్స్ గెలాక్సీస్. అక్కడ వస్తువును ఎక్కడైనా పెట్టొచ్చు. మౌస్‌తో లాగడం కాదు, టైప్ చేయాలి. ముందుకు ఇంత, పైకి ఇంత, ఇన్ని డిగ్రీలు తిప్పు అని ఒక్కో కమాండ్. గోడ మీద ఒక ఆయుధాన్ని సరిగ్గా వేలాడదీయడానికి పదేసి లైన్లు. అంత ఓపికతో జనం మ్యూజియంలు కట్టారు. 2014లో వచ్చిన వైల్డ్‌స్టార్ ఇంకా ముందుకు వెళ్లింది. ఆకాశంలో తేలే ముక్కనేల మీద ఇల్లు. ఏ వస్తువునైనా ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు, చిన్నది పెద్దది చేయొచ్చు. రాయిని పెంచి కొండ చేశారు, పలకలు నిలబెట్టి ఓడలు కట్టారు. ఆ ఆట గురించి చివర్లో మళ్లీ చెప్తాను.

సరే, ఖాళీ ఇంటి సంగతికి వద్దాం. ఆటలో మొదటిసారి ఇల్లు కొని తలుపు తీసిన ప్రతివాళ్లూ ఒకటే అంటారు: ఇంత పెద్దగా ఉందేమిటి? నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మంచం పెట్టాక కూడా గది బోసిగానే ఉంటుంది. తప్పు మీ కుర్చీలది కాదు, కెమెరాది. మన క్యారెక్టర్‌ని మనం వెనకనుంచి, కొంచెం పైనుంచి చూస్తుంటాం. ఆ కెమెరాకు గదిలో చోటు కావాలి. నిజం ఇళ్ల కొలతలతో గది కడితే కెమెరా గోడలో ఇరుక్కుంటుంది. అందుకని పైకప్పు ఎత్తు పెంచుతారు, గుమ్మాలు వెడల్పు చేస్తారు. మనుషుల కొలతకు ఉన్న కుర్చీ, కెమెరా కొలతకు ఉన్న గది, ఈ రెండింటికీ పొత్తు కుదరదు.

దీనికి మందు ఇంకా వస్తువులు తెచ్చి పోయడం కాదు. అందరూ మొదట చేసేది అదే. మందు గోడలు. అడ్డుగోడలు నిలబెట్టి గదిని ముక్కలు చేయాలి, రెండో మట్టం వేసి పైకప్పును కిందికి దించాలి. లోపల ఇంకో చిన్న ఇల్లు కట్టినట్టు. చేయి తిరిగినవాళ్ల ఇంట్లో ఆట ఇచ్చిన అసలు గోడ ఒక్కటి కూడా బయటికి కనబడదు.

కానీ గోడ కూడా ఒక వస్తువే, దాన్నీ లెక్కలో కలుపుతారు. ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఫైనల్ ఫాంటసీ 14లో చాలా ఏళ్లపాటు చిన్న ఇంటి లోపల 200 వస్తువులు, మధ్య రకం ఇంట్లో 300, పెద్ద ఇంట్లో 400 అనేది హద్దు. 200 అంటే బోలెడు అనిపిస్తుంది. పన్నెండు అడ్డుగోడలు, నాలుగు మట్టాలు, ఒక మెట్ల వరస పెట్టేసరికి అందులోంచి ఎంత తెగిందో చూసుకోండి. ఇంకా ఒక చెంచా కూడా పెట్టలేదు.

ఎందుకీ హద్దు అని నన్ను చాలామంది కోపంగా అడుగుతారు, నేనేదో పెట్టినట్టు. కారణం సులభమే. ప్రతి వస్తువుకూ సర్వర్, అంటే ఆటను నడిపే కంపెనీవాళ్ల కంప్యూటర్, ఒక చిట్టా రాసుకోవాలి. ఏ వస్తువు, ఏ రంగు, ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది. మీ ఇంటికి ఎవరొచ్చినా ఆ చిట్టా మొత్తం వాళ్ల కంప్యూటర్‌కి చేరాలి, అది ఒక్కొక్కటే గీయాలి. అలాంటి ఇళ్లు వేలల్లో ఉంటాయి. కొత్త యంత్రం ఉన్నవాడికి పర్వాలేదు, పాత యంత్రం ఉన్నవాడు మీ గుమ్మంలోనే కదలకుండా నిలబడిపోతాడు.

ఇప్పుడు ఒక మూల చూపిస్తాను. మొన్న మూడు రాత్రులు కూర్చుని చేసింది. కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకునే చోటు. ఆ ఆటలో అలాంటి వస్తువే లేదు.

ముందు కిటికీ గోడకి బిగించాను. దానికి అటొకటి ఇటొకటి పొడవాటి పుస్తకాల అరలు. మూడు అయ్యాయి. వాటి మధ్య ఖాళీలో ఒక మంచాన్ని గోడలోకి తోసేశాను. సగం గోడ లోపల, సగం బయట. తలగడ వైపు లోపలికి పోయింది కాబట్టి బయటికి కనిపించేది మెత్తటి పరుపు అంచు ఒక్కటే. చూసినవాళ్లకు అది మంచమని తట్టదు. కానీ మంచం కోళ్లు కనబడుతున్నాయి. ఒక పొట్టి చెక్కబల్లను మంచం కింద దాని బల్లపలక ముందు అంచు కనిపించేలా నేలలోకి దింపాను. కోళ్లు మాయం, చెక్క అరుగు మీద పరుపు వేసినట్టయింది. అయిదు. పైన రెండు అరల మధ్య ఖాళీ వెలితిగా ఉంది. ఒక అడ్డుగోడను పైకప్పులోకి ముప్పావు వంతు ఎత్తేశాను, కింద మిగిలిన పావు వంతు కిటికీ మీద దూలంలా కనబడింది. ఆరు. పక్కన ఒక జెండాను అరలోకి సగం దూర్చితే ముడిచి కట్టిన కర్టెన్. ఏడు. మా గిల్డ్ వాళ్లు ఎదురుచూసిన కర్టెన్ అదే.

దిండ్లు కావాలి. ఆ ఆటలో దిండు విడిగా దొరకదు. మూటలు దొరుకుతాయి, గింజలు పోసి కట్టిన గోనె మూటలు. రెండు మూటలు తెచ్చి, లేత రంగు వేసి, ముడి ఉన్న వైపు పరుపులోకి దించేశాను. పైన గుండ్రటి పొట్ట మాత్రం మిగిలింది. దిండే అది. తొమ్మిది. తెరిచిన పుస్తకం ఒకటి పరుపు మీద, పది. పదకొండోది ఎవరికీ కనబడదు. కుడివైపు అర వెనక ఒక దీపం దాచాను. దాని వెలుగు మాత్రం కిటికీ లోపలినుంచి వస్తున్నట్టు పుస్తకం మీద పడుతుంది. రెండు వందల్లో పదకొండు ఒక్క మూలకే ఖర్చు. దండగ అన్నాడు ఒక స్నేహితుడు. అదే స్నేహితుడు ఇప్పుడు మా ఇంటికి ఎప్పుడొచ్చినా తిన్నగా వెళ్లి అక్కడే కూర్చుంటాడు.

ఈ పనిలో రెండు చిక్కులు అందరికీ ఎదురవుతాయి. ఒకటి మిణుకు. రెండు పలకలు సరిగ్గా ఒకే మట్టంలో ఉంటే ఆ చోటు గడబిడగా మెరుస్తుంది, కెమెరా తిప్పినకొద్దీ గీతలు పారుతుంటాయి. ఏది ముందు, ఏది వెనక అని కంప్యూటర్ తేల్చుకోలేకపోవడం వల్ల వచ్చే తంటా. ఒకదాన్ని వెంట్రుకవాసి జరిపితే పోతుంది. కొత్తవాళ్లు దీన్ని ఆట లోపం అనుకుని ఊరుకుంటారు. ఊరుకోకండి.

రెండోది ఎత్తు. చాలా ఆటలు వస్తువును నేల మీదో, బల్ల మీదో పెట్టనిస్తాయి గానీ గాలిలో పెట్టనివ్వవు. కానీ పెట్టేటప్పుడు మాత్రమే చూస్తాయి. కొన్ని ఆటల్లో అర మీద వస్తువు పెట్టి, తర్వాత అరను తీసేస్తే వస్తువు అక్కడే ఉండిపోతుంది. సర్వర్ రాసుకున్నది చోటు ఒక్కటే. కింద ఆధారం ఉందా అని మళ్లీ అడగదు. ఫర్నిచర్‌కి భూమ్యాకర్షణ లేదు. ఈ కిటుకు కనిపెట్టినవాళ్లు తేలే మెట్లు, తేలే దీపాలు, చివరికి తేలే అంతస్తులు కట్టారు. మొదట్లో కంపెనీలు వీటిని లోపాలుగానే చూసేవి. తర్వాత జనం ఎలాగూ మానరని తెలిసి, కొత్తగా వచ్చే ఆటల్లో వీటినే పనిముట్లుగా ఇస్తున్నాయి. గిల్డ్ వార్స్ 2లో 2024లో వచ్చిన ఇళ్లలోనూ, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వచ్చినవాటిలోనూ వస్తువును ఇష్టమొచ్చినట్టు తిప్పి పెట్టుకోవచ్చు. నాకు సంతోషమే. కొంచెం దిగులు కూడా. దొంగతనంగా తేలిన దీపం అందం వేరు.

దీపాలంటే గుర్తొచ్చింది. వెలుగు చివర్లో పెట్టండి. చాలా ఆటల్లో ఒకేసారి వెలుగునిచ్చే దీపాలకూ హద్దు ఉంటుంది, హద్దు దాటాక పెట్టినవి దీపంలా కనబడతాయి గానీ వెలుగు పారదు. మొదట్లోనే గుమ్మం దగ్గర అయిదారు ఖర్చు చేస్తే లోపలి గది చీకటి. ఇంకొకటి, తప్పులన్నీ కప్పేది చీకటే. అతుకు కనబడే చోట దీపం పెట్టే మనిషిని ఏమనాలి?

నా పరువు పోయిన రోజు గురించి చెప్పి తీరాలి. ఆట పేరు అడక్కండి. నెలన్నర కష్టపడి ఒక గ్రంథాలయం కట్టాను. రెండు అంతస్తులు, వంకర మెట్లు. ఫోటోలు తీస్తే అద్భుతం. గిల్డ్ మొత్తాన్ని పిలిచాను. మొదట వచ్చినవాడి క్యారెక్టర్ ఆ ఆటలోకెల్లా పొడుగు జాతి. తల నా దింపుడు కప్పులోంచి పైకి వెళ్లిపోయింది. వాడి తెర మీద నా గ్రంథాలయం లేదు. పైకప్పులో నేను దాచిన సగం అడ్డుగోడలు, తిరగబడిన బల్లలు, మంచాల తలవైపులు ఉన్నాయి. "నీ అటక బావుంది" అన్నాడు. రెండో మనిషి మెట్లకీ అరకీ మధ్య సందులో ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. ఎగిరి చూసింది, పడుకుని చూసింది, ఆఖరికి మంత్రం వేసుకుని వేరే ఊరికి మాయమైంది. పది నిమిషాల్లో అందరూ గుమ్మం బయట పచ్చిక మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను లోపల.

తర్వాత అర్థమైంది. నేను ఆ ఇంటిని నెలన్నరా ఒకే ఎత్తునుంచి, ఒకే కోణంలోంచి చూశాను. ఫోటో కోసం కట్టాను, నడవడానికి కట్టలేదు. ఇప్పుడు ఏ ఇల్లు కట్టినా మా గిల్డ్‌లో పొడుగు క్యారెక్టర్‌ని ఒకసారి, పొట్టి క్యారెక్టర్‌ని ఒకసారి నడిపించి చూస్తాను. వాళ్లకు విసుగే. అయినా వస్తారు.

బంగారం సంగతి. రాక్షసుణ్ణి చంపిన ప్రతిసారీ ఆటలో కొత్త బంగారం పుడుతుంది, శూన్యంలోంచి. లక్షలమంది రోజంతా చంపుతుంటే బంగారం కుప్పలుగా పేరుకుంటుంది, బజారులో ప్రతిదాని వెలా పెరిగిపోతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట తగలెయ్యాలి. ఆట తయారుచేసేవాళ్లకు ఇల్లు ఇష్టం కావడానికి ఇదొక కారణం. స్థలానికి కట్టిన బంగారం ఏ ఆటగాడి చేతికీ పోదు, మాయమైపోతుంది. మా కర్టెన్ పిచ్చి ఆ లోకపు ధరలను అదుపులో పెడుతోందని మా గిల్డ్ వాళ్లతో అన్నాను. నమ్మలేదు.

స్థలాల కరువు మాత్రం అల్టిమా రోజులనుంచీ వదల్లేదు. ఫైనల్ ఫాంటసీ 14లో వాడకు 60 స్థలాలు. సర్వర్‌లో వాడలు కొన్నే కాబట్టి ఇళ్లూ కొన్నే, ఆడేవాళ్లు అంతకంటే ఎక్కువ. ఖాళీ స్థలం ఎప్పుడు అమ్మకానికి తెరుచుకుంటుందో తెలియక దాని ముందు పలకను గంటల తరబడి నొక్కుతూ నిలబడేవాళ్లు. 2022 ఏప్రిల్‌లో లాటరీ పెట్టారు. 45 రోజులు యజమాని గడప తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ కూల్చివేతను కొంతకాలం ఆపారు కూడా. ఇంకోవైపు 2004లో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్లు ఇరవై ఏళ్లు ఇల్లు ఊసే ఎత్తకుండా గడిపి, 2025 డిసెంబరులో తలుపులు తెరిచారు. లాటరీ లేదు, ఇళ్లకు కరువూ లేదు.

వైల్డ్‌స్టార్ గురించి మళ్లీ చెప్తానన్నాను. 2018 నవంబరు 28న దాని సర్వర్లు ఆపేశారు. అంతకు ముందు 2011 డిసెంబరు 15న స్టార్ వార్స్ గెలాక్సీస్ పోయింది. కొండలు చేసినవాళ్ల కొండలు, మ్యూజియంలు కట్టినవాళ్ల మ్యూజియంలు అన్నీ ఒకే రోజు పోయాయి. ఇల్లు ఉన్నది ఆ చిట్టాలో కదా, చిట్టా సర్వర్‌లో కదా. మిగిలినవి స్క్రీన్‌షాట్లు, వీడియోలు. మరి ఎందుకు కడతారు అని అడిగేవాళ్లకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఆ పదకొండు వస్తువుల మూలలో మా స్నేహితుడు రాత్రిపూట కూర్చుంటాడు. వాడు ఉన్నప్పుడు నేను పక్క గదిలో ఏదో జరుపుతుంటాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం.

టైమ్ అయిపోతోందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

మూడో వరుసలో అమ్మాయి అడిగింది అందరికీ వినబడిందా? "వేరేవాళ్ల ఇల్లు చూసి అచ్చు అలాగే చేస్తే కాపీ కదా" అంటోంది. కాపీయే అమ్మా. తప్పేం లేదు. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. వాళ్లింటికి వెళ్లి, కెమెరాను గోడలోకి తోసి, లోపల ఏం దాచారో చూసేదాన్ని. నీకు అలా చూడటం వచ్చిందంటే, నీ చేతిలో ఆ వస్తువే వేరేలా తిరుగుతుంది. కాకపోతే చూసొచ్చిన ఇంటివాళ్లకు ఒక మాట చెప్పు. ఎక్కడ తీసుకున్నావో చెప్తే వాళ్లే ఇంకో రెండు కిటుకులు చెప్తారు.

ఆయన అడిగింది, కొత్తగా ఇల్లు దొరికింది, ఎక్కడ మొదలుపెట్టాలి అని. గుమ్మం లోపల నిలబడి ఖాళీ ఇంటిని ఒక ఫోటో తీసుకోండి, తర్వాత పనికొస్తుంది. వచ్చినవాళ్ల చూపు మొదట ఏ గోడ మీద పడుతుందో అక్కడ ఒక్క మూల పూర్తిగా చెయ్యండి, దీపంతో సహా. దీపాలు చివర్లో అన్నాను కదా, ఈ మూలకు మాత్రం మినహాయింపు. ఇల్లంతా ఒకేసారి సర్దడానికి పోకండి, నూరు వస్తువులు పెట్టాక ఏదీ నచ్చదు. ఇంకొకటి, మీ లెక్కలోంచి ఓ ఇరవై వస్తువులు ముందే పక్కన పెట్టేయండి, ఎంత ఆశ పుట్టినా ముట్టుకోకండి. అంతా అయిపోయింది అనుకున్న రోజు రాత్రి ఒక అతుకు కనబడుతుంది. అప్పుడు కావాలి అవి.